ఇప్పుడు ఎక్కడున్నాం?



కలువాయికి సముద్రం లేదు. పడమటి దిక్కున వెలికొండలు, ఉత్తరాన పెన్న, సోమశిల జలాశయం, ఊళ్ల చుట్టూ నిమ్మతోటలు. సముద్రం చూడాలని పిల్లలు మారాం చేస్తే బస్సెక్కి నెల్లూరు పోయి, అక్కణ్ణుంచి మైపాడుకు పోవాల్సిందే. ఇట్లాంటి మెట్ట ప్రాంతంలో కూర్చుని ఓడలకు దారి చెప్పేవాళ్ల మీద ప్రసంగమేంటయ్యా అని మీరు అడగొచ్చు. నిజమే. అయితే నావిగేటర్ అనే మాట ఓడ దిగి చాలా కాలమైంది. ఇవాళ కలువాయి సెంటర్లో టీ తాగుతున్న ప్రతి మనిషి జేబులోనూ అది ఉంది. ఫోను తీసి ఫలానా ఊరికి దారేదని అడిగితే, కాసేపట్లో ఎడమవైపు తిరగమని తెలుగులోనే చెబుతుంది.

ఈ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూస్తే ముచ్చటేస్తుంది. వైమానిక దళంలో పైలట్ వెనకాల పటాలు ముందేసుకుని లెక్కలు కట్టే అధికారి నావిగేటర్. కార్ల ర్యాలీలో డ్రైవరు పక్కన కూర్చుని రాబోయే మలుపును ముందే చదివి చెప్పేవాడూ నావిగేటరే. 1994లో ఇంటర్నెట్ చూడటానికి నెట్‌స్కేప్ కంపెనీ తెచ్చిన సాఫ్ట్‌వేరుకు పెట్టిన పేరూ అదే. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం తర్వాత, ఏ బీమా ఎంచుకోవాలో తేల్చుకోలేని వాళ్లకు సాయపడే మనుషుల్ని కూడా అధికారికంగా ఈ పేరుతోనే పిలుస్తున్నారు.

పుట్టుక సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ. మన నావా, వాళ్ల నావిసూ ఒక తల్లి బిడ్డలే. తెలుగు నిఘంటువుల్లో మీకాముడు అని ఒక చక్కటి మాట ఉంది, ఓడ నడిపేవాడని అర్థం. ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, అది మన నష్టం. రేవుల్లో మాత్రం తండేలు, సరంగు, మాలిం అనే మాటలు నిన్న మొన్నటి దాకా తిరిగాయి. ఇవన్నీ ఒకే మనిషికి పేర్లని మనం అనుకుంటాం గానీ పడవ మీద ఎవరి పని వారిదే. చుక్కాని పట్టేవాడు ఒకడు. మనుషుల మీద పెత్తనం ఇంకొకడిది. లెక్క కట్టేవాడు మూడోవాడు. నావిగేటర్ అంటే ఈ మూడోవాడు.

ఏమిటా లెక్క? దారి తెలియడమే అనుకుంటాం. నేల మీద ఉండేవాళ్లం కాబట్టి అట్లా అనుకుంటాం. సముద్రం మీద దారి ఉండదు. నిన్న పోయిన ఓడ గీత ఇవాళ మిగలదు. ఎక్కడికి పోవాలో సరుకు యజమాని చెబుతాడు, ఎటు తిరగాలో చుక్కాని పట్టినవాడు చూసుకుంటాడు. మధ్యలో ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. ఇప్పుడు మనం ఎక్కడున్నాం? దానికి గడియ గడియకూ జవాబు చెబుతూ ఉండటమే నావిగేటర్ ఉద్యోగం. మిగతా పనులన్నీ ఆ జవాబు మీదే నిలబడతాయి.

ఈ సంగతి నాకు సముద్రం మీద తెలియలేదు, మన నిమ్మకాయల లారీ దగ్గర తెలిసింది. కాయలు బాగా దిగే వేసవి రోజుల్లో బయటి జిల్లాల లారీలు రాపూరు, కలువాయి, పొదలకూరు పల్లెల్లోకి వస్తుంటాయి. ఒకనాటి పొద్దుగూకే వేళ అట్లాంటి లారీ ఒకటి ఒక తోట గట్టు దగ్గర ఇరుక్కుపోయింది. ముందు చూస్తే పిల్లకాలువ, వెనక్కి తీద్దామంటే మలుపు. డ్రైవరు కుర్రవాడు ఫోను చేత్తో పట్టుకుని దిగాడు. గేదెల్ని తోలుకుపోతున్న పెద్దాయన ఆగి అడిగాడు.

“యాడికి పోవాల అబ్బయ్యా?”

“పొదలకూరు మార్కెట్టుకు పెద్దాయనా. ఫోనులో దారి ఇట్నే చూపించింది.”

“అది సరే, ఇప్పుడు యాడ ఉండావో తెలుసునా?”

ఆ కుర్రవాడు ఫోను వంక చూశాడు. నీలం చుక్క తోటల మధ్య నిలబడి ఉంది. అంతకు ముందు సిగ్నల్ ఎక్కడో పోయింది, చుక్క అక్కడే ఆగిపోయింది, లారీ మాత్రం ముందుకొచ్చేసింది. అతనికి పోవాల్సిన ఊరు తెలుసు. దారి గీత ఫోనులోనే ఉంది. లేనిదల్లా తానెక్కడున్నాడన్న ఎరుక. పెద్దాయన చెప్పిన జవాబు కూడా దారి చెప్పడంతో మొదలవలేదు. “ఇది ఫలానా వాళ్ల బాయి. ఆ కనపడే చింతచెట్టు కాడ తారురోడ్డు” అని, ముందు అతన్ని ఉన్నచోట నిలబెట్టాడు. ఆ తర్వాతే ఎటు తిప్పాలో చెప్పాడు.

ఆసుపత్రిలోనూ ఇదే వరస. పల్లె నుంచి రోగిని తీసుకుని నెల్లూరు పెద్దాసుపత్రులకు పోయినవాళ్లకు తెలుసు. ఓపీ చీటీ ఒకచోట, రక్తపరీక్ష ఇంకోచోట, స్కానింగు వేరే బిల్డింగులో. జబ్బు కన్నా ముందు ఆ వరండాలే మనిషిని కుంగదీస్తాయి. న్యూయార్కులో పేద నల్లజాతి వాళ్లుండే హార్లెమ్‌లో హెరాల్డ్ ఫ్రీమన్ అనే శస్త్రవైద్యుడు ఈ తిప్పలు గమనించాడు. రొమ్ములో గడ్డ ఉందని తేలినా, చికిత్స దాకా చేరేలోపు ఆడవాళ్లు మధ్యలో ఎక్కడో ఆగిపోతున్నారు. 1990లో ఆయన రోగుల వెంట ఉండి నడిపించే మనుషుల్ని పెట్టాడు. వాళ్లకు పేషెంట్ నావిగేటర్ అని పేరు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ పథకంలో ఆసుపత్రి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చునే ఆరోగ్యమిత్రది సరిగ్గా ఆ పనే. ఆ బల్ల దగ్గర వినపడే మాట ఎట్లా ఉంటుందో చూడండి. “అమ్మా, మీ కాగితాలు అప్రూవలుకు పోయినాయి. రేపటికి వస్తుంది. ఆపరేషన్ ఎల్లుండి.” ఆ మాటలో మందూ లేదు, మాత్రా లేదు. అయినా పెద్దావిడ ముఖం తేరుకుంటుంది. తమ పని ఎందాకా వచ్చిందో తెలిసింది మరి! పేర్లు పెట్టడంలో మనవాళ్లే నయం అనిపిస్తుంది నాకు. నావిగేటర్ కన్నా మిత్రుడు దగ్గరివాడు.

సరే, మళ్లీ సముద్రానికి పోదాం. 1498 ఏప్రిల్ 24న వాస్కో డ గామా ఆఫ్రికా తూర్పు తీరంలోని మలింది రేవు నుంచి బయలుదేరాడు. మే 20కల్లా కాలికట్ దగ్గర లంగరు వేశాడు. నాలుగు వారాలైనా పట్టలేదు. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉంది. అయితే ఆయనకు ఆ సముద్రం కొత్త. దారి తీసింది మలింది రాజు ఇచ్చిన పైలట్. ఆ పైలట్ పేరేమిటి? పోర్చుగీసు చరిత్రకారులు మాలెమో కానా అని ఒకరు, మాలెమో కానకా అని ఒకరు రాశారు. గుజరాతువాడని చెప్పారు. మాలెమో అంటే అరబ్బీ ముఅల్లిం, అంటే గురువు, ఓడ మీద లెక్క తెలిసినవాడు. మన రేవుల మాలిం అదే. కానకా అన్నది మన గణకుడే. అంటే వాళ్లు పేరనుకుని రాసుకున్నది ఆయన ఉద్యోగం! ఆ తర్వాత కాలంలో అరబ్బు నావిక పండితుడు ఇబ్న్ మాజిదే ఆ పైలట్ అని ఒక కథ బయలుదేరింది. పండితులు ఇప్పుడు దాన్ని నమ్మడం లేదు. ఇంత గొప్ప ప్రయాణంలో అన్ని లెక్కలూ కట్టినవాడి అసలు పేరు ఎవరి పుస్తకంలోనూ మిగల్లేదు. గామా తన దగ్గరున్న ఆస్ట్రోలేబ్‌ను చూపిస్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదని, తన పరికరాలు తాను తీసి చూపించాడని కూడా రాశారు.

ఆ పరికరాల్లో అసలైనది చిన్న చెక్కపలక. మధ్యలో రంధ్రం, అందులోంచి ముడులు వేసిన దారం. దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని పలకను ముందుకు చాపితే, దాని కింది అంచు సముద్రం అంచుకూ, పై అంచు ధ్రువ నక్షత్రానికీ ఆనాలి. ఎన్నో ముడి దగ్గర ఆనిందో చూసుకుంటే మనం ఉత్తరానికి ఎంత వచ్చామో తెలుస్తుంది. ఒక్కో రేవుకు ఒక్కో ముడి. దూరాన్ని వాళ్లు జాముల్లో కొలిచేవాళ్లు. వాళ్ల జాం అంటే మూడు గంటల ప్రయాణం, అచ్చం మన జామే. దూరాన్ని కాలంతో కొలవడం మన పల్లెల్లో కొత్తా? చుట్ట కాల్చేంత సేపు అని మన పెద్దలు చెప్పిన దూరం అట్లాంటిదే కదా.

లెక్క తప్పితే ఏమయ్యేదో మన తీరంలోనే రాతి మీద చెక్కి ఉంది. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా ఆ తీరాన్నేలే రాజుదే అన్నది అప్పటి ఆనవాయితీ. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, మేము సుంకం మాత్రమే తీసుకుంటాం, సరుకు ముట్టుకోం అని వర్తకులకు మాటిచ్చాడు. రాజు శాసనం వేయించేదాకా వచ్చిందంటే ఎన్ని ఓడలు తోవ తప్పి ఉండాలి!

మన నెల్లూరు తీరంలో దగ్గరి వేటకు పోయే పట్టపువాళ్లకు పలకా దారమూ అక్కర్లేదు. ఒడ్డున ఉన్న రెండు గుర్తుల్ని ఎంచుకుంటారు. దగ్గరిది తాటితోపు అనుకుందాం, దూరానిది గుడిగోపురమో, లైట్‌హౌసో. రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కలిస్తే తెప్ప ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో దిక్కున మరో జంటను కూడా కలిపి చూస్తే ఆ రెండు గీతలూ కోసుకునే చోటే తెప్ప ఉన్నట్టు. చేపలుండే చోటుకు మళ్లీ పోవాలన్నా, వలకు తగిలే బండలు తప్పించుకోవాలన్నా అదే ఉపాయం. గుర్తులు కాలంతో మారుతుంటాయి. ఇప్పుడు నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చాలా లోపలికి కూడా కనపడతాయి.

ఉత్తర దక్షిణాలు చుక్కతో తెలుస్తాయి గానీ తూర్పు పడమరలు తెలియవు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి, బయలుదేరిన రేవులో ఇప్పుడు టైమెంతో తెలిస్తే, మనం ఉన్నచోటి టైముతో పోల్చి లెక్క తేల్చవచ్చు. చెప్పడం తేలికే. ఊగే ఓడ మీద నెలల తరబడి తప్పు చూపించని గడియారం ఎక్కడుంది? 1714లో ఇంగ్లండు పార్లమెంటు దీనికి 20,000 పౌన్ల బహుమతి ప్రకటించింది. జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు జీవితమంతా గడియారాలు చేసి చేసి, 1761లో జమైకా ప్రయాణంలో తన నాలుగోదాన్ని నెగ్గించాడు. మన వైపు చూస్తే, ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసు నుంగంబాకంలో వేధశాల కట్టించిందన్నా కారణం ఇదే. దాన్ని నిలబెట్టిన మైకేల్ టాపింగ్ ఈ కోరమాండల్ తీరాన్ని కొలిచిన సర్వేయరు. ఆయన 1796లో మచిలీపట్నంలోనే పోయాడు.

అప్పట్నుంచీ నావిగేషన్ అంటే గడియారమే. ఇప్పుడు ఆ గడియారం ఆకాశానికెక్కింది. అది ఎక్కింది కూడా మన పక్కనుంచే. శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. 2013 జూలై 1 రాత్రి 11 గంటల 41 నిమిషాలకు అక్కణ్ణుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ, మన దేశపు మొట్టమొదటి నావిగేషన్ ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. రాత్రి ప్రయోగాలప్పుడు మబ్బు లేకపోతే మన మెట్ట ఊళ్ల మిద్దెల మీద నుంచీ ఆగ్నేయ మూల నిప్పు ముద్ద పైకి పోవడం కనపడుతుంది. 2016 ఏప్రిల్ 28కి ఆ వరసలోని ఏడు ఉపగ్రహాలూ ఎక్కాయి. ఆ వరసకు నావిక్ అని పేరు పెట్టారు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద కదలకుండా నిలిచినట్టుంటాయి, తక్కినవి ఎనిమిది అంకె ఆకారంలో పైకీ కిందికీ తిరుగుతాయి. నిలిచినట్టుండే వాటిలో ఒకదానికి కేటాయించిన చోటు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. దాదాపు మన విశాఖపట్నం రేఖాంశమే అది.

ఉపగ్రహం చేసే ముఖ్యమైన పని, ఇప్పుడు టైమెంతో చెబుతూ ఉండటం. ఆ మాట మన ఫోనుకు చేరడానికి సుమారు సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని ఫోను దూరం లెక్కగడుతుంది. నాలుగు ఉపగ్రహాల దూరాలు దొరికితే మనమెక్కడున్నామో తేలిపోతుంది. అందుకే పైనున్న గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పితే ఇక్కడ 300 మీటర్ల తేడా వస్తుంది. మొదటి ఉపగ్రహానికి ఆ దెబ్బే తగిలింది. అందులోని మూడు రుబీడియం గడియారాలూ పాడైపోయాయని 2017 మొదట్లో బయటపడింది. అవి విదేశం నుంచి కొనుక్కొచ్చినవి. ఉపగ్రహం పైన బాగానే ఉంది, మాట్లాడుతూనే ఉంది. టైము చెప్పలేదు కాబట్టి చోటు తేల్చడానికి పనికిరాదు. దాని బదులు అదే ఏడాది ఆగస్టు 31న ఇంకోటి పంపితే రాకెట్టు కొనమీది కవచం విడిపోక అందులోనే ఉండిపోయింది. 2018 ఏప్రిల్ 12న పంపింది చేరింది. 2023 మే 29న పోయిన ఎన్‌వీఎస్-01లో తొలిసారి మనవాళ్లు చేసిన రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02 లేచింది. రాకెట్టు తన పని సరిగ్గానే చేసింది. పైకి పోయాక కక్ష్య మార్చుకోవడానికి కావాల్సిన కవాటం తెరుచుకోక ఆ ఉపగ్రహం తన చోటికి చేరలేకపోయింది. లోకానికి చోటు చెప్పాల్సినదాన్ని తన చోటికి చేర్చడమే ఇంత కష్టమైన పని. ఫోనులో నీలం చుక్క కాస్త పక్కకు జరిగితే విసుక్కునే ముందు ఇది గుర్తొస్తుంటుంది నాకు.

ఇంత చెప్పి తండేలు సంగతి చెప్పకపోతే బాగుండదు. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం లాంటి పేటల నుంచి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలసపోయి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. బోటుకు పెద్ద తండేలు. 2018 నవంబరులో అట్లా వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడ్డారు. సరిహద్దు దాటారన్నది ఆరోపణ. నీళ్ల మీద గట్టుందా, గీతుందా? కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నాక, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. ఆ కథ మీద 2025లో తండేల్ సినిమా వచ్చింది. సినిమాలో ప్రేమ కథ ముందుంటుంది, అది సినిమా ధర్మం. నాకు ఆ అసలు రాత్రే కావాలి. వల నీళ్లలో ఉంది, ప్రవాహం లాగుతోంది, బోటు ఎంత జరిగిందో ఎవరికి తెలుసు? ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం నడుపుతోంది. సరిహద్దు దగ్గరపడితే అది హెచ్చరిస్తుంది, తుఫాను కబురు తెస్తుంది, బోటు ఎక్కడుందో ఒడ్డుకు చెబుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలుండే చోట్ల సమాచారాన్ని, అలల హెచ్చరికల్ని రోజూ పంపుతూనే ఉంది.

ఏ పెట్టెకైనా బ్యాటరీ కావాలి. ఫోనులో చార్జింగ్ అయిపోయిన రాత్రి మీరే నావిగేటర్ కావాలనుకుంటే ఒక పని చేయండి. ఎండాకాలం తొలిరోజుల్లో, మబ్బూ మంచూ లేని రాత్రి, భోజనాలయ్యాక మిద్దెక్కి ఉత్తరం వైపు తిరగండి. సప్తర్షుల్లో తోక కాకుండా మంచం కోళ్ల లాంటి నాలుగు చుక్కలుంటాయి. వాటిలో తోకకు దూరంగా ఉన్న రెండూ పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. కింద చెట్ల వరసకు దగ్గరగా ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. చెయ్యి పూర్తిగా చాపి, పిడికిలి బిగించి, కింది అంచును నేల అంచుకు ఆనించండి. పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. దాని మీద ఇంకో సగం పిడికిలి పెడితే చుక్క తగులుతుంది. పద్నాలుగు డిగ్రీల పైచిలుకు, అదే మన అక్షాంశం. కలువాయిలో కొలిచినా నెల్లూరులో కొలిచినా దాదాపు అంతే వస్తుంది, ఎందుకంటే రెండు ఊళ్లూ తూర్పు పడమరల్లో దూరమే గానీ ఉత్తర దక్షిణాల్లో కాదు. కొలిచేటప్పుడు చెయ్యి వణక్కుండా చూసుకోండి. చాపిన చేతి చిటికెన వేలు వెడల్పు ఒక డిగ్రీ. అంత పొరపాటు పడితే నెల్లూరు అనుకుని ఒంగోలులో దిగుతారు.